చూపున్నవారి సౌకర్యార్థం

కుడిపూడి మంగాయమ్మకి రేవుపాలెం బస్టాండులో బడ్డీకొట్టు ఉంది. అరటిపళ్ళు, గోళీసోడాలు, జీళ్ళు, పప్పుండలు, బస్సు పడనివాళ్ళు వాసన చూసుకోడానికి నిమ్మకాయలు. బస్సెక్కేవాడికి ఏం కావాలో అన్నీ ఆవిడ దగ్గర దొరుకుతాయి. ఏడో ఏట తట్టు పోసి ఆవిడ రెండు కళ్ళూ పోయాయి. ఆ తర్వాత నలభై అయిదేళ్ళపాటు ఆవిడ ఎవరి చేతిలోనూ మోసపోలేదు. పండు పట్టుకుంటే ఎన్నాళ్ళు నిలవుంటుందో చెబుతుంది. ఇంజను చప్పుడు వింటే ఏ ఊరి బస్సో చెబుతుంది. నోటు చేతిలో పడితే చూపుడువేలి చుట్టూ తిప్పి, ఏ కణుపు దాకా వచ్చిందో చూసుకుని, అది ఎంతదో చెప్పేది.

చెప్పేది అనడం ఎందుకంటే, ఈమధ్య నోట్లు మారాయి. పర్సులో పొందిగ్గా ఇమడాలని కొత్తవాటినన్నిటినీ ఒకే కొలతకి కోసేశారు. ప్రజలు తికమకపడకూడదని రంగులు మాత్రం వేరువేరుగా వేశారు.

శ్రావణ శుక్రవారంనాడు బస్టాండు కిటకిటలాడుతోంది. కదులుతున్న బస్సు కిటికీలోంచి ఎవడో రెండు డజన్ల అరటిపళ్ళు తీసుకుని, "అయిదొందలమ్మా, త్వరగా చిల్లర" అన్నాడు. మంగాయమ్మ నోటు అందుకుని చిల్లరిచ్చేసింది. బస్సు మలుపు తిరిగిపోయాక ఎందుకో వేళ్ళకి కాగితం తేడాగా అనిపించింది. బస్టాండు కంట్రోలరు జోగారావుని పిలిచి చేతిలో పెట్టింది.

జోగారావు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అక్కా, దీనిమీద ఏనుగుంది."

"ఏనుగుండదేటి తమ్ముడూ?"

"ఈ ఏనుగు గొడుగు పట్టుకుని సైకిలు తొక్కుతోందక్కా. పిల్లలాడుకునే నోటు."

పోయిన డబ్బుకి మంగాయమ్మ అంత బాధపడలేదు. రేపటినుంచి చేతిలో పడ్డ ప్రతి కాగితాన్నీ దారినపోయేవాడికి చూపించి, "ఇదెంత బాబూ?" అని అడుక్కోవాలి కదా, ఆ మాటే మింగుడుపడలేదు. నలభై అయిదేళ్ళలో ఆవిడ ఎవర్నీ ఏదీ అడగలేదు.

"తమ్ముడూ, ఓ అర్జీ రాసిపెట్టు" అంది. "పెద్ద పనేం కాదు. పది రూపాయలకి అంచున ఒక గాటు పెట్టమను. ఇరవైకి రెండు, యాభైకి మూడు. ఓ కత్తెర చాలు."

జోగారావుకి అర్జీలంటే ప్రాణం. బస్టాండులో ఫ్యాను కోసం అప్పటికి ఇరవై రెండు రాసి ఉన్నాడు. ఆ సాయంత్రమే మంచి కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి, రాజధానిలో ఉండే ద్రవ్య సౌలభ్య మండలికి పంపించాడు. డబ్బుని జనానికి అనుకూలంగా ఉంచడమే ఆ మండలి పని.

నాలుగు నెలలకి జవాబొచ్చింది. అర్జీ నిర్ణీత నమూనాలో లేదుట. నమూనా జతపరిచారు. అందులో ఏడో గడి: "అర్జీదారు ఏ ఏ రంగుల నోట్లను గుర్తించుటలో ఇబ్బంది పడుచున్నారు?"

జోగారావు "తెలియదు" అని రాశాడు. అది తిరిగొచ్చింది. "తెలియదు అను సమాధానము సంతృప్తికరముగా లేదు." ఈసారి "అన్ని రంగులూ" అని రాశాడు. అంగీకరించారు.

మరో ఆర్నెల్లకి, పద్నాలుగుమంది సభ్యులతో ఉన్నతస్థాయి సంఘం వేసినట్టు ఉత్తరం వచ్చింది. బస్సుల్ని పిలిచే గొంతుతోనే జోగారావు దాన్ని చదివి వినిపించాడు. మంగాయమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ పద్నాలుగుమందిలో చూపులేనివాళ్ళెంతమంది తమ్ముడూ?"

ఒక్కరూ లేరు. ఎందుకు లేరో కూడా ఉత్తరంలో ఉంది. "ఈ విషయమున అంధులు స్వప్రయోజనము గలవారగుటచే, నిష్పాక్షికత దృష్ట్యా వారిని సంఘమునందు చేర్చుకొనుట సముచితము కాదు."

"పోనీ పెద్దాయన పేరేటి?"

"త్రిలోచనరావు గారు. విశేషాధికారి."

"రెండు కళ్ళవాళ్ళకి అందంది మూడు కళ్ళాయనకి అందుతుందేమోలే" అంది మంగాయమ్మ. నిజంగానే ఆశపడింది పాపం.

సంఘం క్షేత్ర పర్యటనకి రేవుపాలెం వచ్చింది. నాలుగు కార్లు, బంట్రోతులకి ఒక బస్సు, ఒక వ్యాను. వ్యానులో పద్నాలుగు పట్టు గుడ్డలున్నాయి, కళ్ళకి కట్టుకోడానికి. ఒక్కో సభ్యుడికి ఇద్దరేసి బంట్రోతులు రెక్కలు పట్టుకోగా, పద్నాలుగుమందీ కళ్ళకి గంతలతో బస్టాండంతా కలియదిరిగారు. రాజోలు బస్సు డ్రైవరు ఊరేగింపేదో వస్తోందనుకుని ఇంజను ఆపేశాడు.

త్రిలోచనరావు గారు మంగాయమ్మ కొట్టు ముందు ఆగారు. "అమ్మా, మేము ప్రస్తుతము మీ స్థితిలోనే ఉన్నాము" అన్నారు గంభీరంగా.

"మీరు సోడాల వైపు తిరిగి మాట్లాడుతున్నారండి. నేనిటున్నాను."

బంట్రోతులు ఆయన్ని తిప్పారు. ఆయన అరడజను పళ్ళు తీసుకుని, జేబులోంచి ఒక కాగితం తీసి, పది సెకన్లు వేళ్ళతో రుద్ది, "వంద" అని ప్రకటించారు. మంగాయమ్మ అందుకుని, "ఇది చాకలి రసీదులా ఉందండి, పిన్ను గుచ్చుంది" అంది. వెనక నిలబడ్డ గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు.

"అయ్యా, నా అర్జీ చదివారాండి?" అని అడిగింది మంగాయమ్మ. "చిన్న గాటు పెడితే చాలండి."

త్రిలోచనరావు గారు గంతలు విప్పకుండానే నవ్వారు. "అమ్మా, మీ సూచనను మండలి లోతుగా పరిశీలించినది. కానీ నిబంధన నూట నాలుగు ప్రకారము అంచు తెగిన నోటు చిరిగిన నోటు. చిరిగిన నోటు చెల్లదు. మేము గాటు పెట్టిన మరుక్షణము ఆ నోటును మేమే స్వాధీనము చేసుకొనవలసి వచ్చును."

"మరి నిబంధన మార్చొచ్చు కదండి."

"నిబంధన మార్చుటకు వేరే సంఘము కలదు. అది నిబంధన నూట నాలుగు కింద ఏర్పడినది."

సంఘం నివేదిక ఆరువందల నలభై పేజీలు వచ్చింది. నోటు మీద ఉబ్బెత్తు చుక్కలు పెట్టాలని తేల్చారు. ఇంతవరకూ బాగానే ఉంది. కాకపోతే మొదటి సమావేశంలో ఒక సభ్యుడు లేచి, చూపున్నవాడికి నోటుమీద పదిహేడు రకాల వివరాలు కనిపిస్తుండగా చూపులేనివారికి కేవలం విలువ ఒక్కటే తెలపడం వివక్ష అన్నాడు. ఎవరూ కాదనలేకపోయారు. దాంతో విలువ, అచ్చయిన సంవత్సరం, వరుస సంఖ్య, సంతకం, సంతకం కింద గీత, గీత కింద హోదా, అన్నీ చుక్కల్లోకి మార్చారు. నోటంతా చుక్కలతో నిండిపోయింది. అచ్చాఫీసువాళ్ళు ఆ చుక్కల మీద సిరా నిలవడంలేదని, చుక్కలో సిరానో ఏదో ఒకటి తేల్చమని రాశారు.

మండలి మూడు రోజులు కూర్చుని తేల్చింది. "అనాదిగా దృష్టి సహితులు నోట్ల విషయమున అనుచిత సౌకర్యమును అనుభవించుచున్నారు. సమానత్వ సూత్రము ననుసరించి సిరాను ఇందుమూలముగా ఉపసంహరించడమైనది." చుక్కలు గుద్దే యంత్రాలకి పన్నెండేళ్ళ ఒప్పందం కూడా రాసేసుకున్నారు.

అర్జీ ఏ ఊరినుంచి వచ్చిందో ఆ ఊరిలోనే ప్రయోగం మొదలుపెట్టడం న్యాయం కనక, ఒక సోమవారం పొద్దున రేవుపాలెంలో పాత నోట్లన్నీ తీసుకుని కొత్తవి ఇచ్చారు. తెల్లగా, ఒకే కొలతలో, అంకె లేకుండా, బొమ్మ లేకుండా. ఉప్పురవ్వ చల్లినట్టు చుక్కలు మాత్రం ఉన్నాయి. పది రూపాయలూ అదే, అయిదొందలూ అదే.

తొమ్మిదయ్యేసరికి ఊరు ఆగిపోయింది. అమలాపురం బస్సు కండక్టరు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడో తెలీక బస్సుని గేటు దగ్గరే నిలబెట్టేశాడు. మందుల దుకాణంలో జ్వరం బిళ్ళకి ఒకాయన అయిదొందలిచ్చి పోయాడు. చేపల మార్కెట్లో ఇద్దరాడవాళ్ళు ఒకే నోటు దగ్గర, ఇది వంద అని ఒకరూ ఇరవై అని ఒకరూ, జుట్లు పట్టుకున్నారు.

మంగాయమ్మ చేతికి మొదటి నోటు పదింటికి వచ్చింది. వేళ్ళతో తడిమింది. చిన్నప్పుడు రెండేళ్ళు కాకినాడ అంధుల బడిలో చదివింది కనక చుక్కలు కొత్త కాదు. సంతకం దాటి, హోదా దాటి, ఓ మూలన విలువ దొరికింది.

"యాభై" అంది. "పైగా సంతకం పెట్టినాయన పేరు తప్పు గుద్దారు."

పక్కనే ఉన్న కండక్టరు ఆ మాట విన్నాడు. సంచీ మొత్తం తెచ్చి ఆవిడ ముందు బోర్లించాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇవి కాస్త చూసిపెట్టు."

"చూసిపెట్టు" అన్నాడు. మంగాయమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూనే చూసిపెట్టింది.

మధ్యాహ్నానికి వరస బస్టాండు దాటి సినిమాహాలు దాకా పోయింది. చేపలమ్మేవాళ్ళు, బంగారం కొట్టు సేట్లు, గుడి పూజారి గారు పళ్ళెంతో సహా. బ్యాంకు మేనేజరు కనకరాజు గారు పెద్దమనిషి కనక వెనకవైపునుంచి వచ్చి, "మంగాయమ్మ గారూ, ఒక్కసారి లాకరు దాకా వస్తారా? రిక్షా తెచ్చాను" అన్నాడు గొంతు తగ్గించి. ఆవిడ ఎవరి దగ్గరా కానీ తీసుకోలేదు. "నిలబడి నిలబడి నీరసం వస్తుంది, రెండు పళ్ళు తినండి" అనేది. వారంలో అరటి గెలల లారీ నేరుగా ఆవిడ కొట్టు దగ్గరే ఆగడం మొదలెట్టింది.

తన వేళ్ళు ఊరికి పనికొస్తున్నందుకు ఆవిడకి సంతోషంగానే ఉంది. కానీ ఒకనాడు జోగారావుతో మెల్లగా అంది. "తమ్ముడూ, నేను అడుక్కోకూడదని కదా అర్జీ పెట్టాను. ఇప్పుడు ఊరంతా అడుక్కుంటోంది. ఇదేం బాగోలేదు."

మండలికీ బాగోలేదు. సంజాయిషీ నోటీసు వచ్చింది. "తాము అనుమతి లేకుండా నోటు నిర్ధారణ కేంద్రమును నడుపుచున్నట్లు తెలియవచ్చినది. స్పర్శ పరిశీలకులుగా పనిచేయుటకు పట్టభద్రులై, రెండు నేత్రములందును సంపూర్ణ దృష్టి గలవారై యుండవలెను. కావున పదిహేను దినములలో తమ దృష్టి ధ్రువీకరణ పత్రమును సమర్పించవలసినది."

జోగారావు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు, ఎక్కడైనా తప్పు చదివానేమోనని.

విచారణ రేవుపాలెం కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర కుర్చీలో త్రిలోచనరావు గారు కూర్చున్నారు.

"మీకు దృష్టి ధ్రువీకరణ పత్రము కలదా?"

"నాకు చూపే లేదండి."

"అట్లయిన, చూపులేనివారు ఇంతటి బాధ్యతాయుతమైన ద్రవ్య వ్యవహారమున వేలు పెట్టుట ప్రమాదకరమని మీకు తోచలేదా?"

"నోటు చూపులేనివాళ్ళ కోసమే చేశామన్నారు కదండి."

"చేసినది మీ కొరకే. చదువుటకు అర్హులు వేరు. మేము పన్నెండుమంది చూపున్న పరిశీలకులకు శిక్షణ నిచ్చుచున్నాము."

"వాళ్ళకి వచ్చిందాండి?"

పక్కనున్న గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "టార్చి లైటు వేసి చుక్కల నీడ బట్టి చదువుచున్నారండి. అది స్పర్శ స్ఫూర్తికి విరుద్ధమని ప్రస్తుతము వారికి గంతలు కట్టుచున్నాము. వారికి దారి చూపుటకు ఇరువదినలుగురిని నియమించవలసి యున్నది."

మంగాయమ్మకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా బస్టాండులో రకరకాల మనుషులతో వేగిన మనిషి, ఆవిడ గొంతు ఎప్పుడూ పెరిగింది లేదు. ఇవాళ పెరిగింది. "అయ్యా, నేను అడిగింది ఒక్క గాటు! కత్తెర మీ దగ్గర లేదంటే చెప్పండి, మా దర్జీ దగ్గర తెస్తాను. మీరు నాకు కళ్ళివ్వక్కర్లేదు. ఉన్నవాళ్ళ కళ్ళు పీకి నాతో సమానం చెయ్యక్కర్లేదు!"

మండపం వెనక నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. త్రిలోచనరావు గారు చప్పట్లని నమోదు చేయించి, కొట్టుకి సీలు వేయించారు.

లక్క ముద్ర వేసి, ఆవిడ నోటు ముట్టుకోకుండా చూడ్డానికి ఒక కానిస్టేబుల్‌ని కూడా పెట్టారు. మంగాయమ్మ మూసేసిన కొట్టు ముందు బల్లమీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడోనాడు ఆ కానిస్టేబుల్ అటూ ఇటూ చూసి, జీతం కవరు ఆవిడ కొంగుకింద పెట్టి, "అమ్మా, పూర్తిగా ఇచ్చారో లేదో కాస్త..." అన్నాడు.

"ముట్టుకుంటే నేరం కదా బాబూ."

"నేను అటు తిరుగుతానమ్మా."

ఆవిడ చెప్పింది. రెండొందలు తక్కువ.

కానీ ఊరంతటికీ కొంగు చాలదు కదా. కండక్టర్లు టిక్కెట్టుకి వంకాయలు తీసుకున్నారు. రావులపాలెం వెళ్ళాలంటే సొరకాయ, వెనక్కి రావాలంటే రెండు. బంగారం కొట్లు మూతపడ్డాయి. సీటు కోసం గుమ్మడికాయ మోసుకుంటూ మునిసిపల్ ఛైర్మన్ గారు రోడ్డుమీద కనపడ్డరోజున సంగతి ముదిరింది. వర్తక సంఘం, ఛైర్మన్ గారు, కనకరాజు గారు కలిసి రాజధానికి ఒక టెలిఫోను చేశారు. నమూనా లేదు, ఏడో గడి లేదు, ఒక్క టెలిఫోను. చూపున్నవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని చెప్పారు.

తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. "దృష్టి సహితుల దుస్థితికి మండలి చలించినది. చుక్కల యంత్రములు ఒప్పందమునందున్నందున సిరాను పునరుద్ధరించుట సాధ్యము కాదు. కావున చూపున్నవారి సౌకర్యార్థము, కంటికి తేలికగా కనబడునట్లు, నోటు అంచున గాట్లు పెట్టబడును. పదికి ఒకటి, ఇరవైకి రెండు, యాభైకి మూడు. ఇవి నిబంధన నూట నాలుగు పరిధిలోని చిరుగులు కావు, అంచు సంస్కారములు."

జోగారావు దీన్ని మైకులోనే చదివేశాడు. బస్టాండు మొత్తం గొల్లుమంది. మంగాయమ్మ కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. నిర్ధారణ కేంద్రం అవసరం తీరిపోయింది కనక లక్క ముద్ర ఊడదీశారు. గాట్ల నోటు ఆవిడ చేతిలో పడింది. బొటనవేలు అంచు మీద ఒక్కసారి జారించింది. మూడు గాట్లు. యాభై. ఎవర్నీ అడగలేదు. చిల్లరిచ్చేసింది. అంతే, పని జరిగిపోయింది.

ఉత్తర్వు అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది. "ఈ గాట్లు దృష్టి సహితుల సంక్షేమ నిధినుండి పెట్టబడినవగుటచే, ఇతరులు వినియోగించుకొనుట నిషిద్ధము."

దాన్నెవరూ పట్టించుకోలేదు. రెండు నెలల తర్వాత ఒక తనిఖీ అధికారి పట్టించుకున్నాడు. కొత్త బూట్లు కిర్రుకిర్రుమంటుండగా ఆయన అరగంటపాటు మంగాయమ్మ కొట్టు పక్కనే నిలబడ్డాడు. ఆవిడ ఒక్కసారి కూడా చిల్లర తప్పు ఇవ్వకపోవడం చూశాడు.

"అమ్మా, మీరు నోట్లను ఏ విధముగా గుర్తించుచున్నారు?" అని అడిగాడు.

గాట్లు అంటే మళ్ళీ లక్క ముద్ర. చుక్కలు అంటే పట్టభద్రురాలు కాదు. మంగాయమ్మ ఒక్క క్షణం ఆలోచించి, పండు తుడుస్తూ, "వాసనండి" అంది.

"వాసనా?"

"ఆయ్. పది రూపాయలు వామువాసనండి. వందకి ఇంగువ. అయిదొందలైతే దూరంనుంచే తెలిసిపోద్ది, గంధంలాగా."

తర్వాత వినిపించిన చప్పుడుకి ఆవిడ చేతిలో పండు ఆగిపోయింది. కాగితం మీద పెన్ను పరుగెత్తుతోంది.

"గంధము అనిన, ఎర్ర గంధమా, మంచి గంధమా?" అన్నాడాయన, తల ఎత్తకుండా.

"బాబూ, అది కాదండి..."

రాజధాని బస్సు హారను కొట్టింది. బూట్లు కిర్రుకిర్రుమంటూ పరుగు తీశాయి. మంగాయమ్మ కొట్టు బల్ల తోసుకుని లేచి, ఇంజను చప్పుడొచ్చిన వైపు చెయ్యి ఊపుతూ గట్టిగా కేకేసింది. "బాబూ! ఉత్తినే అన్నానండి! రాయకండి బాబూ!"

కదులుతున్న బస్సు కిటికీలోంచి ఆయన గొంతు ఎంతో ఆదరంగా వినిపించింది.

"దిగులుపడకండమ్మా! వాసన నోట్ల అర్జీలో అందరికంటె ముందు మీ పేరే రాశాను!"